పతకము – పశ్చాత్తాపము

తప్పు చేయునప్పుడు అది తప్పని మనుష్యునికి తోచకపోవచ్చును. తెలిసివచ్చు నాటికి ఆ పని వలన లభించిన కీర్తి మెడలో హారమై యుండును. అప్పుడతడు మౌనము వహించినచో సుఖము. నోరు విప్పినచో తన జీవితమును తానే ఖండించుకొన్నట్లగును. రెండవ దారి పట్టినవారిలో అమెరికా సేనాని స్మెడ్లీ బట్లర్ ఒకడు. ఆయన ఒప్పుకోలుతో ఆయన ఋణము తీరినదా యనునది విచారింపదగిన ప్రశ్న.

బట్లర్ 1881లో పెన్సిల్వేనియా రాష్ట్రమున క్వేకర్ కుటుంబమందు జన్మించెను. యుద్ధము కూడదని బోధించు మతము వారిది. అయినను 1898లో స్పెయిన్‌తో యుద్ధము రాగా, పదునారేండ్ల ఆ బాలుడు వయస్సు ఎక్కువగా చెప్పి మెరైన్ దళమున చేరెను. చైనా, ఫిలిప్పీన్స్, నికరాగువా మొదలగు దేశములలో పనిచేసెను. 1914లో మెక్సికోలోని వేరాక్రూజ్ వద్దను, 1915లో హైతీలోని రివియేర్ కోట వద్దను చేసిన సాహసమునకు దేశపు అత్యున్నత శౌర్యపతకమును రెండు మారులు పొందెను. మొదటి దానికి తాను తగనని తిప్పి పంపగా, ఉంచుకొని ధరింపవలసినదని ఆజ్ఞ వచ్చెను.

1931లో మేజర్ జనరల్‌గా పదవి విరమించిన పిదప ఆయన వాక్కు మారెను. 1932లో, తమకు రావలసిన సొమ్ము కొరకు వాషింగ్టన్‌లో గుడిసెలు వేసికొన్న మాజీ సైనికుల నడుమకు పోయి ధైర్యము చెప్పెను. కొలది దినములకే ప్రభుత్వ సైన్యము వారిని తరిమివేసెను. 1935లో 'వార్ ఈజ్ ఎ రాకెట్' అను చిన్న పుస్తకము ప్రకటించెను. యుద్ధలాభము కొందరిది, నష్టము అందరిది యనునది దాని సారము. మందుగుండు తయారుచేయు డ్యూపాంట్ సంస్థకు 1914కు పూర్వము ఏటికి 60 లక్షల డాలర్లుండిన లాభము, యుద్ధకాలమున 5 కోట్ల 80 లక్షలకు పెరిగినదని అందు లెక్క చూపెను. మెక్సికోలో చమురు వర్తకులకు, హైతీ, క్యూబాలలో బ్యాంకువారికి తాను కావలివాడనైతినని అదే యేట ఒక వ్యాసమున ఒప్పుకొనెను.

ఆయన చెప్పిన చికిత్స మూడు విధములు: యువకులకంటె ముందు ధనమును, ధనికులను యుద్ధసేవకు పిలువవలెను, యుద్ధమునకు పోవలసినవారే యుద్ధము వలెనో వద్దో నిర్ణయింపవలెను, సైన్యము స్వదేశరక్షణకే పరిమితము కావలెను.

పదవి పోయిన తరువాత పలికిన సత్యమునకు విలువ యేమని కొందరందురు. ఆ ఆక్షేపణ తేలికది కాదు. సైన్యమున ఉన్నంత కాలము పైవారి ఆజ్ఞల క్రింద తన బుద్ధి నిద్రించెనని ఆయనయే చెప్పెను. అది కారణమే గాని క్షమాపణ కాజాలదు. 1917లో హైతీ శాసనసభను బలప్రయోగముతో మూయించినది ఆయన నడపిన రక్షకదళమే. ఆ దళము క్రింద రహదారుల కొరకు వెట్టిచాకిరి చేసిన రైతులకు ఆ పుస్తకము వలన ఒరిగినదేమియు లేదు. ఆజ్ఞ యిచ్చినవాడు వేరైనను చేసినవాని చేతికి అంటినది తొలగిపోదు.

యుద్ధమును నిందించినచో దురాక్రమణను ఎదిరించువారెవరను ప్రశ్నయు కలదు. బట్లర్ ఆయుధత్యాగము బోధింపలేదు. ఇల్లు కాచుకొనుట వేరు, పొరుగింట చొరబడుట వేరనెను. అయితే 1940 జూన్ 21న ఆయన మరణించునాటికి పారిస్ నగరము జర్మన్ సేనల వశమై యుండెను. ఇల్లు కాలుచున్న పొరుగువానిని ఆదుకొనుట ఏ కోవలోనిదో ఆయన గీచిన గీత తేల్చి చెప్పదు.

కావున ఆ ఒప్పుకోలు ఋణము తీర్చలేదు, జరిగినదానిని మాన్పలేదు. అయినను అది వ్యర్థము కాదు. పతకము చూచి ముచ్చటపడి, వయస్సు దాచి సేనలో చేరబోవు మరియొక పదునారేండ్ల బాలునికి, ఆ పతకము వెనుక నేమున్నదో చెప్పగల అధికారము దానిని ధరించినవానికే కలదు. ఆ మాట చెప్పుటకై తన కీర్తిని తానే తగ్గించుకొనుట, కోటగోడ దూకుటకంటె కష్టమైన సాహసము. ఆలస్యముగ వచ్చినను సత్యము సత్యమే. ఆ ఆలస్యమునకు వెల చెల్లించినవారిని మరువకుండుట మాత్రము మన ధర్మము.