మూల తిరిగిన తీగ

ఆత్తంగుడి టైలు బోర్లా పుడుతుంది. తమిళనాట శివగంగ జిల్లాలో, కారైక్కుడికి దగ్గర్లో ఉందా ఊరు. గాజు పలక మీద ఇనుప చట్రం పెట్టి, అందులో గళ్ల అచ్చు దింపుతారు. సిమెంటులో కలిపిన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులను ఒక్కో గడిలో పోసి, అచ్చు పైకి తీసేస్తారు. ఎంత చిత్రం! అడ్డు తొలగినా ఆకు రంగు పువ్వులోకి పొంగదు. పైన పొడి సిమెంటు, ఇసుక చల్లగానే తడి ఇంకిపోతుంది. దానిమీద సిమెంటు కూరి, ఆరాక నీటితొట్టిలో నానబెడతారు. కొలిమి లేదు, నిప్పు లేదు. గాజు విడిపోయేనాటికి దాని నునుపంతా టైలుకి వచ్చేస్తుంది.

ఈ టైళ్లు ఇప్పుడు మన వరండాల్లోకీ, పూజగదుల్లోకీ వస్తున్నాయి. గదంతా పూలే పరిస్తే కళ్లకి ఊపిరాడదు. నడుమ నున్నటి ఎర్రటి నేల, చుట్టూ ఒక్క వరస పూలతీగ చాలు. ఆ ఒక్క వరసలో ఎంత లెక్క దాగుందో!

12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గది అనుకోండి. 8 అంగుళాల టైలైతే పొడుగునా 18, అడ్డంగా 15 పడతాయి. గోడ పక్కన ఒక సాదా వరస వదిలి లోపల తీగ చుడితే 54 టైళ్లు. అందులో నాలుగు మూలవి, వాటి అచ్చే వేరు. మూలకీ మూలకీ మధ్య ఒకవైపు 14, ఇంకోవైపు 11. రెండేసి టైళ్లకి ఒక పువ్వు పూసే తీగైతే సరిసంఖ్య దగ్గర హాయిగా సాగి, బేసి దగ్గర సగం పువ్వుతో ఆగిపోతుంది. అందుకే ఒంటి టైల్లోనే పూర్తయ్యే తీగను ఎంచుకోవాలి. లేదా రెండు మూలల నుంచీ తీగల్ని ఎదురెదురుగా పంపి, ఆరో టైల్లో ఒక పద్మం దగ్గర కలపాలి. బేసి కూడా అందమైపోతుంది!

అయితే గోడలు కాగితం మాట వినవు. మేస్త్రీ మూల నుంచి ఒక గోడ వెంట మూడడుగులు, రెండోదాని వెంట నాలుగడుగులు కొలుస్తాడు. ఆ గుర్తుల మధ్య దారం సరిగ్గా ఐదడుగులు రావాలి. రాదు! ఎన్ని గదుల్లోనో రాదు. అతను నొచ్చుకోడు. గోడల్ని నమ్మడం మానేసి, గది నడిమధ్య రెండు దారాలు లంబంగా కట్టి, వాటినుంచే తీగకి దారి వేస్తాడు. వంకరంతా గోడపక్క సాదా వరసలోకి పోతుంది. ఆ టైళ్లు ఒక కొసన నిండుగా, మరో కొసన సన్నగా కోతపడతాయి. పువ్వు మీద మాత్రం కత్తి పడదు. చూసేవాళ్ల కన్ను తీగ వెంటే పోతుంది కాబట్టి గది చక్కగానే కనిపిస్తుంది.

ఇక మూల. తిన్నటి వీధిలో రథాన్ని ఎవరైనా లాగుతారు. మలుపులో తెలుస్తుంది పనితనం. ఇక్కడా అంతే. మూల టైలుకి రెండువైపులా తీగ కాడలు వెంట్రుకవాసి తేడా లేకుండా అతకాలి. అందుకే ముందు సిమెంటు లేకుండా అన్నీ పరిచి చూసి, తర్వాతే మేస్త్రీ మూలను పట్టుకుంటాడు. రసమట్టం ఆనించి, రబ్బరు సుత్తితో మెత్తగా తడతాడు. గట్టిగా కొడితే పగిలే జాతి ఇది. యాసిడ్ తగిలితే రంగు పోయే జాతి. సుకుమారం చూపిస్తే మాత్రం తడిగుడ్డకీ, నడిచే పాదాలకీ ఏటికేడు మెరుగెక్కుతుంది.

గోడలు కట్టినవాళ్లని తిట్టకుండా, ఒక్క ఇటుకైనా కదపకుండా, వంకర గదిని కంటికి సరిచేసి వెళ్లే ఆ మేస్త్రీ చేతికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే!