పేరు మిగిలిన పెద్దలు

కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య నాడు జరిగే నాగోబా మహాపూజ అందరికీ తెలుసు. అంతకు ముందే మర్రిచెట్ల కింద గోండుల్లోని మెస్రం వంశస్థులు చేసుకునే తంతును మాత్రం జాతర చూడబోయినవాళ్ళు అంతగా పట్టించుకోరు. ఆ ఏడాది వంశంలో చనిపోయినవాళ్ళకు అక్కడ ‘తూమ్’ చేస్తారు. కొత్త కోడళ్ళను ‘భేటింగ్’ పేరుతో నాగోబాకు చూపించేదీ ఈ జాతరలోనే. భేటింగ్ కాని కోడలికి వంశపూజల్లో చోటుండదు. లోపలికి వచ్చే మనిషినీ, వెళ్ళిపోయిన మనిషినీ వంశం ఒకే జాతరలో లెక్కలోకి తీసుకుంటుందన్నమాట.

1940లలో ఆదిలాబాద్ గోండుల మధ్య ఉండి రాసిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్, చనిపోయినవాళ్ళు తమ వంశదేవుడు పెర్సపేన్ దగ్గరికి చేరతారన్న నమ్మకాన్ని వివరంగా నమోదు చేశాడు. ఆ దేవుడికి గుర్తు ఒక ఇనుప బల్లెపుమొన, ఒక చామరం. ముఖం లేదు. నిన్నటిదాకా పేరుతో పిలిచిన మనిషి పోయి చేరేది ముఖం లేని దేవుడిలోకి. నన్ను ఆలోచనలో పడేసింది ఇదే.

మా కరీంనగర్ దిక్కు పెత్రమాస (పితృ అమావాస్య) నాడు పొద్దున పెద్దలకు బియ్యమిచ్చి, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. బియ్యం తీసుకునే అయ్యగారు పేర్లు అడుగుతాడు. నాయన తన తండ్రి పేరు గట్టిగా, తాత పేరు మెల్లగా చెప్పేవాడు. ముత్తాత దగ్గరికి వచ్చేసరికి తడబడేవాడు. ఆడవాళ్ళ పేర్లయితే ఇంకో తరం ముందే ఆగిపోయేవి, అది వేరే సంగతి. ఆపైన ఉన్నవాళ్ళంతా కలిపి ‘పెద్దలు’. దీన్ని మరుపు అనబుద్ధి కాదు నాకు. అట్లా కలిసిపోనివ్వడం కోసమే ఈ తంతు అనిపిస్తుంది.

జపాన్ షింటో ఆచారాలలోనూ వంశానికీ ఊరికీ ఒక కాపుదేవుడు ఉంటాడు, ఉజిగామి అంటారు. 1945లో, టోక్యో మీద బాంబులు పడుతున్న రోజుల్లో, జానపద పరిశోధకుడు యానగిత కునియో పూర్వీకుల గురించి ఒక పుస్తకం రాశాడు. చనిపోయిన మనిషికి ముప్పై మూడేళ్ళ పాటు ఇంటివాళ్ళు చేయాల్సినవి చేస్తే, ఆ తర్వాత అతడు తన విడి ఉనికి వదిలి ఉమ్మడి పూర్వీక దైవంలో కలిసిపోతాడని జనం నమ్మకమట. మరి పెళ్ళీ పిల్లలూ లేకుండా యుద్ధంలో పోయిన కుర్రవాళ్ళకు ఎవరు చేస్తారు? ఆయన దిగులంతా దాని గురించే.

మామూలుగా పోయినవాళ్ళ పేరు కరుగుతుంది. అన్యాయంగా పోయినవాళ్ళది కరగదు. జపాన్‌లోనే సుగవర మిచిజానే అనే పండితుణ్ణి నిందలు వేసి రాజధాని నుంచి వెళ్ళగొడితే 903లో దూరాన చనిపోయాడు. ఆ తర్వాత వచ్చిన పిడుగులూ చావులూ ఆయన ఆగ్రహమేనని భయపడి గుడి కట్టారు. ఇప్పుడు పరీక్షలకు ముందు పిల్లలు మొక్కేది ఆయనకే. మన దగ్గర పొలవాస మేడరాజుకు అడవిలో దొరికిందని చెప్పుకునే సమ్మక్క, కప్పం అడిగిన కాకతీయ సైన్యంతో పోరాడి చిలుకలగుట్ట మీద మాయమైంది. ఆమెకూ విగ్రహం లేదు. కుంకుమభరిణె ఉంది, పేరుంది. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసులు చంపిన కుమ్రం భీముకు ఇప్పటికీ ఆశ్వయుజ పౌర్ణమి నాడు గోండులు పూజ చేస్తారు. భయంతో కొలిచినా, ప్రేమతో కొలిచినా, వీళ్ళను ‘పెద్దలు’ అన్న గుంపులో కలిపేయడానికి జనానికి మనసొప్పలేదు.

కేస్లాపూర్ ఉన్నది ఇంద్రవెల్లి మండలంలోనే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన గోండులకు ఎర్రటి స్తూపం ఉంది. ఎవరి ఇళ్ళలో వాళ్ళు చేయాల్సినవి చేసే ఉంటారు. కానీ ఆ రోజు వాళ్ళు వచ్చింది భూమి పట్టాలు అడగడానికి. ఆ అడిగింది పూర్తిగా తేలలేదు. ఏళ్ళ తరబడి పోలీసులు ఆంక్షలు పెట్టినా, ఏప్రిల్ 20న జనం స్తూపం దగ్గరికి పోవడం మానలేదు.