ఏ పూట బలం ఆ పూటకే

చదవవలసిన వాక్యభాగాలు: నిర్గమకాండము 16:13-21, ద్వితీయోపదేశకాండము 24:14-15

దిండి దగ్గర చించినాడ వంతెన మీదుగా వశిష్ఠ గోదావరి దాటి, పాలకొల్లు మీదుగా వెళితే భీమవరం వస్తుంది. 1895లో ఆ ఊళ్ళో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా వెళ్ళి, హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి పనిచేశారు. శరీరంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రకటించారు. ఆ కొలతలు చేస్తూండగానే 1927లో కండల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం, 1929లో ఏ.టి.పి. అనే మరో పదార్థం వాళ్ళ కంటపడ్డాయి. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏ.టి.పి.ని విడిగా కనుగొన్నారు.

మనం తిన్న అన్నం నేరుగా చేతికి, కాలికి సత్తువ కాదు. అది అరిగి, మనం పీల్చే గాలిలోని ప్రాణవాయువుతో కలిసి, మన కణాల్లో ఏ.టి.పి. తయారీకి ఖర్చవుతుంది. కండ బిగుసుకున్నా, గుండె కొట్టుకున్నా ఏ.టి.పి.లోని ఒక భాస్వరపు ముక్క తెగి, శక్తి విడుదలవుతుంది. తెగిన ముక్కను శరీరం మళ్ళీ అతికిస్తుంది. అది మళ్ళీ తెగుతుంది.

ఆశ్చర్యమంతా లెక్కలో ఉంది. ఏ క్షణాన చూసినా మన ఒంట్లో ఉండే ఏ.టి.పి. మహా అయితే పావు కిలో. కదలకుండా పడుకున్నా ఒక రోజులో మనం వాడేది సుమారు 40 కిలోలు! ఉన్న కొద్దిపాటినే శరీరం వందల సార్లు విరిచి, అతికించి వాడుకుంటుంది. మనం నిద్రపోతున్నా ఆ పని ఆగదు. ఆగితే, రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకునే గుండె కూడా ఆగిపోతుంది.

మన కొబ్బరి తోటల్లో దింపు తీసేవాళ్ళను చూడండి. కాళ్ళకు తాడు వేసుకుని చెట్టు మీదికి ఎగబాకేటప్పుడు, వాళ్ళ కండల్లో అప్పటికే ఉన్న ఏ.టి.పి. రెండు మూడు సెకన్లకే సరిపోతుంది. ఆ వెంటనే సుబ్బారావు గారు చూసిన ఫాస్ఫోక్రియాటిన్ అందుకుని మరికొన్ని సెకన్లు నెట్టుకొస్తుంది. ఆ తరువాత మొవ్వు దాకా ఎక్కాలన్నా, గెల నరకాలన్నా, క్షేమంగా దిగాలన్నా అప్పటికప్పుడు తయారయ్యే శక్తే దిక్కు. ఎంత కండబలం ఉన్నవాడైనా నిన్నటి బలంతో ఈ రోజు చెట్టు ఎక్కలేడు.

మరి ఒంట్లో కొవ్వు దాచుకుంటున్నాం కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కాలేయంలో, కండల్లో కొంత పిండిపదార్థం, చర్మం కింద కొవ్వు నిలవ ఉంటాయి. గాదె నిండా ధాన్యం ఉన్నా పూటపూటా ఎసరు పెట్టక తప్పదు కదా. శరీరం కూడా సరుకును దాచుకోగలదు గాని, బలాన్ని దాచుకోలేదు.

అరణ్యంలో దేవుడు ఇశ్రాయేలీయులకు నేర్పిన పాఠం ఇదే. మన్నాను ఎవరి అక్కరకు తగినంత వారు ఏరుకున్నారు. రేపటి మీద భయంతో కొందరు మిగిల్చి దాచారు. తెల్లారేసరికి అది పురుగుపట్టి కంపుకొట్టింది. రేపటి కోసం ప్రయాసపడడం తప్పని ఆయన చెప్పలేదు. ఆరవ దినాన రెండింతలు ఏరుకోమన్నది కూడా ఆయనే. రేపు కూడా ఇచ్చేవాడు ఉన్నాడని ప్రతి ఉదయం నమ్మమన్నాడు. అదే పాఠాన్ని సృష్టికర్త మన కణకణంలోనూ రాసిపెట్టాడు. పరీక్షకు కూర్చోబోయే బిడ్డా, ఆపరేషన్‌కు వెళ్ళబోయే తల్లీ, అప్పు గడువు తలచుకుని నిద్రపట్టని రైతూ రేపటి బలం ఇప్పుడే చేతికి రాలేదని కుంగిపోనక్కరలేదు. అది రేపు కావాలి, రేపే వస్తుంది.

ఈ పాఠంలో మన సుఖానికి పనికొచ్చే సగం మాత్రమే తీసుకుని లేచిపోకూడదు. నా బలం ఏ పూటకాపూట రావలసిందైతే, నా తోటలో పనిచేసిన మనిషి బలం కూడా అంతే. అందుకే ధర్మశాస్త్రంలో దేవుడు కూలివాని కూలి సంగతి అంత పట్టుదలగా చెప్పాడు. పొద్దుగూకేలోగా ఇచ్చేయాలి. ఆ బీదవాని ఆశ దాని మీదే ఉంది. అతను మొరపెడితే అది మనకు పాపమవుతుంది. దింపు తీసినవాళ్ళకూ, కాయ ఒలిచినవాళ్ళకూ “రాశి అమ్ముడయ్యాక చూద్దాంలే” అని చెప్పడం మనకు చిన్నమాటే. వాళ్ళింట్లో మాత్రం ఆ రాత్రి పొయ్యి వెలగాలి. మన ఆహారం నేడే కావాలని ప్రార్థిస్తూ, ఎదుటివాని ఆహారాన్ని వచ్చే వారానికి వాయిదా వేస్తే, అది దేవుని ఎదుట నిలిచే ప్రార్థన కాదు.

నేటి ఆచరణ: మీరు ఎవరికైనా కూలి బాకీ ఉంటే, వాళ్ళు అడగకముందే ఈ రోజే ఇచ్చేయండి.

ప్రార్థన: మా తండ్రీ, మేము గమనించకపోయినా మా గుండెకు, మా ఊపిరికి నీవు గడియగడియకూ అందిస్తున్న బలానికి స్తోత్రం. రేపటి భారాన్ని నేడే ఎత్తుకునే మా అలవాటును మాన్పించు. ఈ రోజు పనికి చాలినంత శక్తినివ్వు. చెట్లెక్కే వారినీ, పడవలు నడిపే వారినీ, పొలాల్లో వంగి పనిచేసే వారినీ కాపాడు. వారికి చెందవలసింది మా చేతుల్లో నిలిచిపోకుండా మా మనస్సు మార్చు. యేసు నామమున వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.