ఇచ్చీసుంటే పోను గదేటి

విరహం లేనిదే పాట లేదని ఎవరన్నా అంటే నాకు అమ్మమ్మ కత్తిపీట గుర్తొస్తుంది.

తాత విశాఖ పోర్టులో కలాసీ. వన్‌టౌన్‌లో ఒంటిగది ఇల్లు. అమ్మమ్మ కానాగంతలకు బూడిద పట్టించి తోముతూ భానుమతి పాట తీసేది. 1949లో భరణీ వాళ్లు తీసిన ‘లైలా మజ్ను’లోది. కథ అరబ్బులది, వరస సి.ఆర్. సుబ్బరామన్‌ది, ఇంట్లో వాసన చేపలది. పాటేమో ఏడుపు, అమ్మమ్మ మొహమేమో పండగ. మొప్పలు లాగేటప్పుడు రాగం తెగేది. చెయ్యి కడుక్కుని అక్కణ్ణుంచే అందుకునేది.

“ఆ పిల్లని ఆడికిచ్చీసుంటే పోను గదేటి? ఇద్దర్నీ సంపీసినారు.”

“ఇచ్చీస్తే పాటలెక్కడివే?” తాత.

పదేళ్ల నాకు తాత మాటే పెద్దదిగా తోచింది. పాటకి ఎవరో ఒకరు బలి కావాలి కాబోలు అనుకున్నాను.

మొన్న రాత్రి ‘అల్ వర్దా అల్ బైదా’ అనే పాత అరబ్బీ సినిమా చూశాను. తెల్ల గులాబీ అని. మహమ్మద్ కరీం తీశాడు. గాయకుడు అబ్దుల్ వహాబ్‌కి తొలి సినిమా. మాటలూ పాటలూ పట్టడానికి పారిస్ వెళ్లారట. కైరోలో 1933 డిసెంబరులో విడుదలైంది. ఆ నెలలోనే వైస్రాయ్ విల్లింగ్డన్ వచ్చి మన పోర్టు ప్రారంభించాడు. రెంటికీ ఏ సంబంధమూ లేదు, నాకు ముచ్చటేసిందంతే. సినిమాలో ఓ గుమస్తా యజమాని కూతుర్ని ప్రేమించి, ఆమెని వదులుకుని, పెద్ద గాయకుడవుతాడు. తాతే గెలిచాడన్నమాట.

కానీ ఒక పాటకి కళ్లు చెమర్చాయి. తీరా చూస్తే అప్పటికింకా ఏ ఎడబాటూ రాలేదు. నాకు అరబ్బీ ఒక్క ముక్క రాదు. మరి ఆ దుఃఖం ఎవరిది? కథ ముందే తెలుసు గనక నేనే తెచ్చి పెట్టానా? అదే నిజమైతే విరహం పాటలో లేదు, వినేవాడి దగ్గరుంది. ఆ పిల్లనిచ్చేసి ఉంటే గుమస్తా ఇంట్లో తిని కూచుని కూనిరాగం తీసుకునేవాడు. దాన్ని పట్టడానికి పారిస్ ఎవరూ వెళ్లరు, అంతే తేడా.

అయితే అమ్మమ్మ కూనిరాగం మాత్రం ఎక్కడిది? లైలా ఏడిస్తేనే కదా ఆవిడకి దొరికింది. ఇక్కడికొచ్చేసరికి నా లెక్క మళ్లీ తాత వైపు ఒరిగిపోతుంది.

ఆ పాటకి అర్థమేమిటని ఒకసారి అడిగాను.

“ఏటో, నాకేటి తెలుసురా,” అంది. “సింతపండు నానెట్టు.”