డేగకు నేర్పిన విద్య

గత వేసవిలో గుత్తి కోట కొండ దిగువన ఉండే ఓ అబ్బాయి గూటి నుంచి జారిపడిన డేగపిల్లను బుట్టలో పెట్టుకుని మా వద్దకు వచ్చాడు. "మౌలానా! డేగతో వేట హలాలే కదా, దీన్ని పెంచుకోవచ్చా?" అని అడిగాడు. వెంట వచ్చిన వాళ్ళ తాతగారు, "ఇది షిక్రా అండీ. బేస్రా అయితే ఇంకా మేలుజాతి" అన్నారు.

పెద్దాయన పక్షులను బాగానే ఎరుగుదురు. షిక్రా మన ఊళ్ళ వేపచెట్ల మీదే కాపురముంటుంది. తొండలు, ఉడుతలు, పిచ్చుకలు దాని ఆహారం. బేస్రా పడమటి కనుమల వంటి దట్టమైన అడవుల్లో కొమ్మల చాటున పొంచి, పిట్టల మీదికి దూసుకొస్తుంది. రెండూ ఇంచుమించు పావురమంతే. బేస్రా గొంతు మీది నిలువు గీత వెడల్పు, షిక్రాది సన్నం. పూర్వం రెండింటికీ వేట నేర్పేవారు. విజయనగరాన్ని ఏలిన సాళువ వంశం పేరుకు అర్థం వేటడేగే.

మరి వీటిలో మేలుజాతి ఏది? షరీఅత్‌లో మాకు ఆ తేడా కానరాదు. గోళ్ళతో వేటాడే పక్షుల మాంసాన్ని దైవప్రవక్త (సల్లం) నిషేధించారు. ఆ నిషేధం రెండింటికీ ఒక్కటే. పొంచి చంపినందుకు బేస్రా మోసకారీ కాదు, మనుషుల దగ్గర మసలినందుకు షిక్రా సాధువూ కాదు. అల్లాహ్ వాటి ఉపాధిని అలా ఉంచాడు, అంతే.

తేడా విద్య వల్ల వస్తుంది. శిక్షణ పొందిన వేటజంతువు మన కోసం పట్టినది ధర్మసమ్మతమని మాయిదా సూరాలో ఉంది. శిక్షణ లేనిది చంపి తెస్తే అది చచ్చిన జంతువుతో సమానం. హనఫీ పండితులు ఇంకో సూక్ష్మం చెప్పారు: పట్టినదాన్ని తినకుండా ఉంచితే కుక్క నేర్చుకున్నట్టు, పిలిస్తే తిరిగొస్తే డేగ నేర్చుకున్నట్టు. ఎందుకంటే కుక్క దెబ్బలకు ఓర్చుకుంటుంది, డేగ దేహం ఓర్చుకోలేదు. కొట్టి నేర్పే ఉస్తాదులు (మేమూ అందులో ఉన్నాం) ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి.

అయితే అనుమతి ఉన్న ప్రతిదీ చేసి తీరాలని లేదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం డేగను పట్టి పెంచడం నేరం. పైగా, ప్రయాణంలో సహాబాలు ఒక పిట్ట పిల్లలను తీసుకోగా తల్లి రెక్కలు కొట్టుకుంటూ వచ్చింది. ఎవరు దీన్ని బాధపెట్టారని అడిగి, పిల్లలను తిరిగి ఇచ్చేయమన్నారు దైవప్రవక్త (సల్లం).

ఇది విన్న అబ్బాయి మారుమాట్లాడలేదు. అస్ర్ తర్వాత తాతామనవలు నిచ్చెన పట్టుకుని ఆ వేపచెట్టు దగ్గరికి వెళ్ళారు. తల్లి డేగ ఇంకా అక్కడే అరుస్తూ తిరుగుతోందట.