కొన్నవాడి మౌనం

బి.కాం. చదివే రోజుల్లో కాంట్రాక్టు చట్టం మాకొక పాఠ్యాంశం. 1872 నాటి ఆ చట్టంలో 17వ సెక్షను మోసం అంటే ఏమిటో చెబుతుంది. దాని కింద నాలుగు ఉదాహరణలున్నాయి. నాలుగోది మరీ చిన్నది. ఇద్దరు వర్తకులు బేరమాడుకుంటున్నారు. ధరలు మారాయన్న కబురు ఒకడికి ముందే తెలిసింది. అది తెలిస్తే రెండోవాడు వెనక్కి తగ్గవచ్చు. అయినా తెలిసినవాడు చెప్పి తీరాలన్న నిర్బంధం లేదు. 20వ సెక్షను వివరణ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. వస్తువు విలువను తప్పుగా అంచనా కట్టడం ఒప్పందాన్ని రద్దు చేయగల పొరపాటు కాదంటుంది. పరీక్షలో ఇవి రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళ బ్యాంకు ఉద్యోగంలో వేల దస్తావేజులు నా చేతిమీదుగా వెళ్ళాయి గాని, ఆ నాలుగో ఉదాహరణ న్యాయమేనా అని నన్ను ఎవరూ అడగలేదు. చివరికి అడిగినవాడు పన్నెండేళ్ళ పిల్లవాడు.

వాడు మా అక్కయ్య మనవడు. వాళ్ళుండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో. శనివారం వస్తే తండ్రీకొడుకులిద్దరూ పాత సామాన్ల దుకాణాలు గాలిస్తారు. వాళ్ళు వెతికేది బేస్‌బాల్ కార్డులు. మనకు క్రికెట్ ఎలాగో అక్కడ బేస్‌బాల్ అలాగ. ముందువైపు ఆటగాడి బొమ్మ, వెనకవైపు అతను సాధించిన అంకెలు అచ్చువేసిన చిన్న అట్టముక్క, అంతే. ఒకప్పుడు సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చేవారు. తర్వాత బబుల్ గమ్ పొట్లాల్లో వచ్చాయి. మన పిల్లలు క్రికెట్ ఆటగాళ్ళ బొమ్మలు కూడబెట్టుకున్నట్టే అక్కడి పిల్లలూ వీటిని కూడబెట్టుకున్నారు, మార్చుకున్నారు, సైకిలు చక్రాల పుల్లలకు తగిలించి టపటపలాడించారు. పెద్దయ్యాక మరిచిపోయారు. ఇల్లు సర్దే తల్లులు చెత్తలో పారేశారు.

అలా పారేయగా మిగిలినవాటికే ఇప్పుడు విలువ. 1909-11 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ వేసిన వాటిలో హోనస్ వాగ్నర్ కార్డు అచ్చు మొదట్లోనే ఆగిపోయింది. లోకంలో అరవైకి అటూ ఇటూగా మిగిలాయి. వాటిలో ఒకటి 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకు చేతులు మారింది. టాప్స్ కంపెనీ 1952లో వేసిన మికీ మాంటిల్ కార్డు ఒకటి అదే ఏడాది ఆగస్టులో కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. ఆ 1952 వరుసలో అమ్ముడుపోని పెట్టెలు గోదాములో చోటు తినేస్తున్నాయని 1960లో పడవకెత్తించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని ఆ కంపెనీ ఉద్యోగి సై బెర్జరే చెప్పుకున్నాడు. విలువ అన్నది వస్తువులో లేదు, దాన్ని నలుగురూ పారేయడంలోనే ఉందని నాకు అప్పుడనిపించింది.

రెండేళ్ళ కిందట అక్కడ నెలరోజులున్నప్పుడు నేనూ వాళ్ళ వెంట తిరిగాను. గుడ్‌విల్, సాల్వేషన్ ఆర్మీ వంటి ధర్మసంస్థల దుకాణాలుంటాయి. జనం తమకు అక్కరలేని సామాన్లు అక్కడ ఇచ్చేస్తారు, అమ్మిన డబ్బు సేవాకార్యక్రమాలకు పోతుంది. ఇవిగాక వారాంతాల్లో ఇళ్ళముందు గరాజ్ సేల్ పేరిట బల్లలు వేసి పాత సరుకు అమ్ముతారు. కార్డులు బూట్ల డబ్బాల్లో, ప్లాస్టిక్ సంచుల్లో గుత్తగా దొరుకుతాయి. మా మేనల్లుడు ముందుగా మూలలు చూస్తాడు, అరిగాయా లేదా అని. బొమ్మ చుట్టూ ఉన్న అంచు నాలుగువైపులా సమంగా ఉందా అని చూస్తాడు. వెనక్కి తిప్పి సంవత్సరం, వరస సంఖ్య చూస్తాడు. పాతదాన్ని చూసి మళ్ళీ అచ్చేసిన నకలేమోనని కాగితం తడుముతాడు. పది చోట్ల తిరిగితే తొమ్మిది చోట్ల వట్టి చేతులే. ఎందుకంటే దొరికేవాటిలో చాలా భాగం 1980ల చివర, 90ల మొదట్లో కంపెనీలు లెక్కాపత్రం లేకుండా అచ్చేసి గుమ్మరించినవి. వాటిని ఉచితంగా ఇచ్చినా తీసుకునేవాళ్ళు తక్కువ.

పిల్లవాడి ప్రశ్న ఆ తర్వాత ఏడాది ఫోనులో వచ్చింది. ఒక ఇంటిముందు వృద్ధురాలు తన కొడుకు చిన్ననాటి డబ్బా ఐదు డాలర్లకు పెట్టింది. అందులో రెండు మూడు వందల డాలర్లు పలికే కార్డు ఒకటుంది. తండ్రి ఐదు డాలర్లు ఇచ్చి డబ్బా తీసుకున్నాడు. బేరమంటే బేరమే అన్నాడు. వాడికి అది మింగుడుపడలేదు. "తాతయ్యా, ఆవిడకి తెలీదు, మాకు తెలుసు. చెప్పొద్దా?" అని అడిగాడు.

చట్టం మా మేనల్లుడి పక్షానే ఉంది. అయితే చట్టం దగ్గర ఆగిపోతే ఎంత దూరం వెళ్తామో చెప్పే ఉదంతం అదే అమెరికాలో జరిగింది. 1990లో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక కార్డుల దుకాణంలో 1968 నాటి నోలన్ రయన్ కార్డు ఉంది. చీటీ మీద 1200 అని వేశారు. ఆ రోజు కౌంటర్లో ఉన్న మనిషి ఆ పనికి కొత్త. దాన్ని పన్నెండు డాలర్లనుకుని ఒక పిల్లవాడికి అమ్మేసింది. దుకాణదారు కోర్టుకెక్కాడు. పిల్లవాడి వైపు వాదన: అడిగిన డబ్బు ఇచ్చాడు, సరుకు తీసుకున్నాడు. తీర్పు దాకా పోకుండానే ఇద్దరూ రాజీపడి, కార్డును వేలం వేసి ఆ డబ్బు ధర్మకార్యాలకు ఇచ్చేశారు. ఆ కార్డు ఎవరిదో తేలనే లేదు. ఎవరి దగ్గర ఉన్నా మనసుకు సుఖం లేదని ఇద్దరూ ఒప్పుకున్నట్టుగా ఉంది ఆ ముగింపు.

ఈ చిక్కు రెండువేల ఏళ్ళ నాటిది. రోమన్ రచయిత సిసిరో ధర్మాలను గురించి రాసిన పుస్తకం మూడో భాగంలో ఒక వర్తకుడున్నాడు. కరువులో ఉన్న రోడ్స్ ద్వీపానికి ఓడనిండా ధాన్యం తెచ్చాడు. వెనక ఇంకా ఎన్నో ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు. చెప్పాలా, చెప్పకుండా హెచ్చు ధరకు అమ్ముకోవాలా? చెప్పి తీరాలన్నదే సిసిరో తేల్చిన మాట. ఊరుకున్నంత మాత్రాన దాచినట్టు కాదు, ఎదుటివాడు తెలుసుకోవలసిన సంగతిని నీ లాభం కోసం అతనికి తెలియకుండా ఉంచాలనుకోవడమే దాచడం అంటాడు. అక్కడే కొనేవాడి కథ కూడా ఒకటి చెబుతాడు. స్కేవోలా అనే ఆయన పొలం కొనబోయి, ధర ఒకే మాటలో చెప్పమన్నాడు. అమ్మేవాడు చెప్పాడు. నా లెక్కలో దీని విలువ ఇంకా ఎక్కువ అని స్కేవోలా పైన లక్ష సెస్టర్సులు కలిపి ఇచ్చాడు. ఇది మంచివాడి పనే గాని తెలివైనవాడి పని కాదని లోకం అనుకుంటుందని సిసిరో వాపోయాడు. లోకం ఇప్పటికీ అలాగే అనుకుంటోంది.

అయితే వెతికేవాడి పక్షాన చెప్పవలసింది లేకపోలేదు. అతని కన్ను ఉచితంగా రాలేదు. ఏళ్ళ తరబడి చదివి, తిరిగి, నకళ్ళు కొని డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నదది. తొమ్మిది శనివారాల పెట్రోలు ఖర్చు పదో శనివారం రాబట్టుకోవద్దా? పైగా అతను రాకపోతే ఆ డబ్బా చెత్తబండి ఎక్కేది. 2016లో ఒక పాడుబడ్డ ఇంట్లో నలిగిపోయిన కాగితపు సంచి ఒకటి చెత్తలోకి పోవలసింది, ఎవరో విప్పి చూస్తే అందులో ఏడు అపురూపమైన టై కాబ్ కార్డులున్నాయి. చూడగలిగిన కన్నుకు కూలి దక్కాలి. ఆ మాట నేను ఒప్పుకుంటాను.

అయితే కూలి తీసుకోవడానికి రెండు దారులున్నాయి. ఒహాయోలోనే డిఫయన్స్ అనే ఊళ్ళో 2012లో తాతగారి అటక మీద 1910 నాటి కార్డులు ఏడువందల దాకా దొరికాయి. ఇంటివాళ్ళకు వాటి సంగతి తెలియదు. వేలం కంపెనీ నిపుణుడికి పంపారు. ఆయన వాటి విలువ చెప్పాడు. కంపెనీ కమిషన్ తీసుకుని అమ్మిపెట్టింది. మనవలూ మనవరాళ్ళూ ఇరవైమంది సమంగా పంచుకున్నారు. అక్కడ జ్ఞానానికి ధర ఉంది, అది కాగితం మీద అందరికీ కనబడేలా ఉంది. గరాజ్ సేల్ దగ్గర అదే జ్ఞానం మౌనంగా తన వాటా తీసుకుంది. పద్దులో రాసిన కమిషనుకూ, రాయని కమిషనుకూ తేడా ఏమిటో బ్యాంకువాడికి ఒకరు చెప్పనక్కరలేదు.

అందువల్ల ఎదుట ఉన్నది ఎవరో చూడాలి. కార్డుల దుకాణం పెట్టినవాడికి ధర కట్టడమే వృత్తి. తక్కువ కట్టాడా, అది అతని నష్టం. ఎక్కువ కట్టిన రోజున లాభమూ అతనిదే. గుడ్‌విల్ వంటి సంస్థలు విలువైన సరుకును ముందే ఏరి ఇంటర్నెట్ వేలంలో అమ్ముతున్నాయి. ఆ వడపోత దాటి షెల్ఫు మీదికి వచ్చినదాన్ని కొనడంలో ఎవరి నమ్మకమూ దెబ్బతినదు. కొడుకు డబ్బా బల్ల మీద పెట్టిన ముసలావిడ వర్తకురాలు కాదు. చట్టంలోని ఆ నాలుగో ఉదాహరణ కూడా ఇద్దరు వర్తకులనే అంటుంది. ఆ మాటను మేం పరీక్షకు బట్టీపట్టాం గాని అది అక్కడ ఎందుకుందో ఆలోచించలేదు.

పిల్లవాడికి నేను చెప్పింది ఇంతకన్నా చిన్న మాట. ఇలాంటి కార్డు దొరికినవాడు ఊరుకోడు. ఎక్కడ దొరికింది, ఎంతకు దొరికింది అని పదిమందికీ చెప్పుకుంటాడు. వెతుకులాటలో సగం సంతోషం అదే. ఆ కథ వినకూడని మనిషి ఒక్కరే ఉంటారు, అమ్మినవారు. ఆ కథను ఆవిడ బల్ల ముందు నిలబడి చెప్పగలిగితే అది మంచి బేరం. ఆవిడ ఉన్నదని గొంతు తగ్గించవలసివస్తే ఆ తగ్గించినంత మేరా ఆవిడ సొమ్మే. వాడు కాసేపు ఊరుకుని, "అయితే సగం ఇస్తే?" అన్నాడు. అది తండ్రీకొడుకులు తేల్చుకోవలసిన లెక్క అన్నాను. చూసిన కన్నుకు కొంత, డబ్బా దాచిన ఇంటికి కొంత. వాటా ఎంతైనా ముందుగా ఆవిడకు తెలియాలి.

ఈ కార్డుల గొడవ మనకెందుకంటారా? నాలుగు తరాలుగా చెన్నైలో ఉన్న తెలుగువాళ్ళం మేము. 1985లో తగలబడిపోయిన మూర్ మార్కెట్లో పాత పుస్తకాల గుట్టల ముందు మా నాన్నగారు కూర్చుండిపోవడం నాకు తెలుసు. ఒకప్పుడు తెలుగు అచ్చుకు ఈ ఊరే పెద్ద నెలవు. వావిళ్ళవారి పుస్తకాలు ఇక్కడే అచ్చయ్యాయి. ఆనాటి పుస్తకాలు ఇప్పుడు ఇళ్ళు పడగొట్టి ఫ్లాట్లు కట్టేటప్పుడు బయటపడుతున్నాయి. ఇంటి వారసుడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, చదవడం రాదు. బరంపురంలోనైనా, షోలాపూరులోనైనా, బళ్ళారిలోనైనా ఈ కథ మీరూ చూసే ఉంటారు. అతను పాత పేపర్ల కొట్టువాడిని పిలిచి కిలోల లెక్కన తూచి ఇచ్చేస్తాడు. ఆ సమయానికి మనలాంటి పుస్తకప్రియుడు ఒకడు అక్కడ ఉంటాడు. ఏరుకుంటాడు, కిలో ధర ఇస్తాడు, గబగబా సంచి సర్దుకుంటాడు.

ఒహాయో వృద్ధురాలికి పోయింది డబ్బు. ఆ కార్డు ధర ఆవిడకు రేపు ఎవరైనా చెప్పవచ్చు. మన కుర్రవాడికి తన చేతినుంచి పోయిందేమిటో చెప్పేవారు ఉండరు. అట్ట లోపల ముత్తాత సంతకం ఉందని, అంచున ఆయన రాసుకున్న మాటలున్నాయని చదివి చెప్పగలిగినవాడు అక్కడ ఒక్కడే, కొంటున్నవాడు. అతనూ నోరు మూసుకుంటే ఆ ఇంటికీ ఆ పుస్తకానికీ ఉన్న చుట్టరికం తెగినట్టు ఎవరికీ తెలియనే తెలియదు.

పుస్తకాలు కొనవద్దని నేననడం లేదు. కొనకపోతే అవి గుజ్జయిపోతాయి. డబ్బు తీసి ఇచ్చేముందు మొదటి పేజీ ఒకసారి పైకి చదవండి. పేరు, ఊరు, సంవత్సరం, సంతకం. ఆ కుర్రవాడు విననివ్వండి. విన్న తర్వాత కూడా తీసుకువెళ్ళండి అన్నాడా, నిశ్చింతగా తెచ్చుకోండి. ఉంచుకుంటానన్నాడా, మన అల్మారాలో ఒక పుస్తకం తగ్గుతుంది.