నీతికి పుట్టినిల్లు ఏది?

ఎవరును చూడని చోట దొరికిన పైకమును సొంతదారునకు చేర్చువారు లోకమున కలరు. ఆకలిగొన్నవాని యెదుట కూర్చుండి తినుటకు ముద్ద గొంతు దిగక లేచిపోవువారును కలరు. ఇది మంచి, ఇది చెడు అను ఈ వివేచన మానవునకు ఎక్కడి నుండి వచ్చినది? పైనుండి దిగినదా, పెద్దలు నేర్పినదా, పుట్టుకతో రక్తమునందే యున్నదా? ఇది పండితుల కాలక్షేపమునకు మాత్రమే పనికివచ్చు ప్రశ్న కాదు. నీతి ఎక్కడ పుట్టునో తెలియనివానికి అది ఎక్కడ నశించుచున్నదో తెలియదు. బిడ్డలకు దానిని ఎట్లు అందింపవలయునో అసలే తెలియదు.

ఈ ప్రశ్నకు చెప్పబడిన సమాధానములు ముఖ్యముగా మూడు. దైవాజ్ఞయే నీతి యనునది మొదటిది. భక్తునకు ఇది సహజముగా తోచును. అయినను క్రీస్తు పూర్వము 4వ శతాబ్దిలో గ్రీకు తత్త్వవేత్త ప్లేటో, ‘యూథిఫ్రో’ అను సంవాదమున సోక్రటీసుచే ఒక చిక్కు ప్రశ్న వేయించెను. దేవతలకు ప్రియమగుట వలన సత్కార్యము సత్కార్యమైనదా, లేక సత్కార్యమగుట వలననే అది దేవతలకు ప్రియమైనదా అని ఆ ప్రశ్న సారాంశము. మొదటిది నిజమైనచో, క్రూరకార్యమును ఆజ్ఞాపించినను అది నీతియే కావలసి వచ్చును. రెండవది నిజమైనచో, మంచిని గుర్తింపగల శక్తి మానవుని లోపలనే ఉండవలయును.

ఈ చిక్కు గ్రీకుదేశమునకే పరిమితము కాదు. 12వ శతాబ్దిలో కల్యాణమున హరళయ్య కుమారునకు, మధువరసుని కుమార్తెకు వివాహము జరిగినదనియు, చెప్పులు కుట్టువాని యింటికి బ్రాహ్మణకన్య కోడలైనందులకు ఆ తండ్రు లిరువురికిని మరణదండన విధింపబడినదనియు శరణ సంప్రదాయము చెప్పుచున్నది. దండించినవారు ధర్మము పేరనే దండించిరి. వివాహమునకు పూనుకొనినవారును ధర్మము పేరనే పూనుకొనిరి. ఇరుపక్షములును ఒకే మాటను పలికినప్పుడు, ఏది నిజమైన ధర్మమో తేల్చుటకు మాట యొక్కటియే చాలదు.

సంఘమునందలి ఆచారమే నీతి యనునది రెండవ సమాధానము. దీనిని పరీక్షించుటకు నల్లగొండ, మహబూబునగరు సీమల చరిత్ర చాలును. నిజాము పాలనలో ఈ సీమలందు వెట్టి యనునది తరతరములుగా సాగెను. కుమ్మరి కుండలు ఊరకే ఇయ్యవలెను. చాకలి ఊరకే ఉతుకవలెను. దళితుడు అధికారుల మూటలు మోయవలెను. దొర యింట పెండ్లి జరిగినచో ఊరంతయు కూలి లేక పనిచేయవలెను. తండ్రి చేసిన అప్పునకు కొడుకు భాగేలాగా ఊడిగము చేయవలెను. అది ఆనాటి మామూలు. నిత్యము పూజలు చేయువారు, అన్నదానములు చేయువారు కూడ దానిని తప్పని తలంపలేదు.

ఆచారమే నీతికి మూలమైనచో, వెట్టి తప్పని చెప్పినవాడు ఏ ఆధారముతో చెప్పెను? మహబూబునగరు జిల్లాకు చెందిన సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన 1930లో జోగిపేటలో మొదటిసారి సమావేశమైన ఆంధ్రమహాసభ, కాలక్రమమున వెట్టి నిర్మూలనమును తన ముఖ్యాశయములలో ఒకటిగా చేసికొనెను. ఆచారమునకు ఎదురు నిలిచిన ఆ నీతి ఆచారము నుండి పుట్టియుండజాలదు గదా!

ప్రకృతియే నీతికి తల్లి యనునది మూడవ సమాధానము. డార్విను 1871లో ప్రకటించిన ‘మానవుని అవతరణము’ అను గ్రంథమున, గుంపుగా బ్రతుకు జంతువులలోని పరస్పర సానుభూతియే, బుద్ధి వికసించిన మానవునియందు అంతరాత్మగా మారినదని వాదించెను. 2007లో అమెరికాలోని యేలు విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఏడాది నిండని శిశువులు సైతము ఇతరులకు సాయపడు బొమ్మనే ఎక్కువగా కోరుకొనుచున్నారని ప్రకటించిరి. అయితే 2024లో అనేక దేశముల ప్రయోగశాలలు కలిసి ఆ పరీక్షను తిరిగి జరుపగా అట్టి మొగ్గు కనబడలేదు. శిశువుల సంగతి ఎట్లున్నను, జాలి మానవునకు సహజమనుటలో సందేహము లేదు. కాని తనవారియందు పక్షపాతము కూడ అంతే సహజము. తన బిడ్డ ఏడ్చిన కరగు గుండె, భాగేలా బిడ్డ ఏడ్చినప్పుడు ఏల కరగలేదు? తనవాడెవడు, పరుడెవడు అను గీతను ప్రకృతి చెరుపదు.

ఈ మూడు సమాధానములకును చాలని ఒక ఘట్టము ఈ సీమలోనే జరిగినది.

1951 ఏప్రిల్‌లో హైదరాబాదు సమీపమున శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము ముగిసిన పిదప, ఆచార్య వినోబా భావే తెలంగాణమున పాదయాత్రకు బయలుదేరెను. నాటికి నల్లగొండ జిల్లా సాయుధపోరాటముతో, దానిని అణచుటకు వచ్చిన బలగములతో నలిగియుండెను. అంతకు ముందటి యేడు, 1950లో, హైదరాబాదు రాష్ట్రమున కౌలుదారీ చట్టము వచ్చెను. అది సాగు చేయుచున్న కౌలుదారునకు రక్షణ కల్పించెను గాని, కౌలునకైనను చెక్క భూమి లేని కూలివానికి దారి చూపలేదు.

ఏప్రిల్ 18వ తేదీన వినోబా పోచంపల్లి చేరెను. ఆనాటి వ్యవహారమున హరిజనులనబడిన దళితుల 40 కుటుంబములు ఆయన యెదుట నిలిచి, తమకు 80 ఎకరముల భూమి కావలెనని అడిగిరి. ప్రభుత్వమునకు విన్నవింపవచ్చునని మొదట తలచిన వినోబా, పిదప ఆ సభలోని వారినే అడిగెను: వీరికి భూమి ఇయ్యగలవారు ఊరిలో ఎవరైన నున్నారా? వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరములు ఇచ్చెదననెను. భూమిలో కొంత పాత్రులకు ఈయవలెనని తన తండ్రికి కోరిక యుండెననియు, అది తీరకయే ఆయన గతించెననియు ఆయన తెలిపెను.

ఈ చివరి మాటను నిలిచి ఆలోచింపవలయును. తండ్రి కోరిక ఆ యింట ఎంతో కాలముగా ఉండెను. దేవుడును ఊరిలోనే ఉండెను. పురాణములందలి దానకథలను ఎరుగనివారు లేరు. జాలియు ప్రజల గుండెలలో ఉండెను. ఏప్రిల్ 17వ తేదీన కూడ ఇవన్నియు ఉండెను. అయినను ఒక్క కుంట భూమి చేతులు మారలేదు. 18వ తేదీన క్రొత్తగా జరిగినదేమి? లేనివాడు నోరు తెరచి అడిగెను. ఉన్నవాడు పదిమంది యెదుట దానిని వినెను. విన్నమాట తనకు సంబంధించినదే యని ఒప్పుకొనెను. విత్తనము ముందే ఉండెను. మొలక ఎత్తినది ఆ క్షణమున.

అది నీతి కాదు, భయము అని ఆనాడే కొందరనిరి. పోరాటము వాకిట నిలిచియుండగా దొరలు చేతనైనంత వదలుకొనిరని వారి వాదము. దీనిని తేలికగా త్రోసివేయరాదు. ఇతరుని మనస్సులోని తూకమును ఎవరు చూడగలరు? భయము కొంత ఉండినను ఉండవచ్చును. కాని భయపడినవాడు అడిగినంత ఇచ్చి బయటపడజూచును. ఇచ్చట అడిగినదానికి మించి 20 ఎకరములు వచ్చెను. భయము తలుపు తట్టవచ్చును గాని, గడియ తీయువాడు లోపలనే ఉండవలయును.

అయితే ఒక్కనాటి మొలకతో పంట చేతికి రాదు. తెలంగాణమున 51 దినముల యాత్రలో వినోబాకు 12 వేల ఎకరములకు పైగా లభించెను. ఉద్యమము దేశమంతట వ్యాపించి 40 లక్షల ఎకరములకు పైగా దానముగా ప్రకటింపబడెను. వానిలో చాల భాగము రాళ్ళనేల. చాల భాగము వ్యాజ్యములలో చిక్కెను. పెక్కు ఎకరములు పేదలకు పంచబడనే లేదు. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ముఖాముఖి నిలువని చోట, దానము కాగితముపైననే నిలిచిపోవుట ఎంత సులభము!

దానమునకు, దాసోహమునకు గల భేదము ఇచ్చటనే తెలియును. దానమున ‘నేను ఇచ్చితిని’ అను అహంకారము దాగియుండవచ్చును. దాసోహమున ఇచ్చువాడే సేవకుడు. దానమనగా సమముగా పంచుకొనుటయే యని వినోబా చెప్పిన అర్థము కూడ దీనికి దగ్గరదే. ఆ 40 కుటుంబములు అడిగినదేమో గమనింపుడు. వారు బియ్యము అడుగలేదు, బట్ట అడుగలేదు. చెమటోడ్చుటకు నేల అడిగిరి. కాయకము చేసికొని బ్రతుకు హక్కును అడుగువానిని యాచకుడని ఎట్లు అనగలము?

బసవేశ్వరుని కాలపు అనుభవమంటపమునకు గల ప్రాముఖ్యము కూడ ఈ దృష్టితో చూచిన స్పష్టమగును. చాకలి వృత్తివాడైన మడివాళ మాచిదేవుడు, పడవ నడుపు అంబిగర చౌడయ్య, సర్వము త్యజించి వచ్చిన అక్కమహాదేవి అచ్చట సమానులుగా మాటలాడిరని సంప్రదాయము. అంతవరకు ధర్మము ఎవరిని గూర్చి నిర్ణయింపబడుచుండెనో, వారే ధర్మమును గూర్చి మాటలాడిరి. శాస్త్రమును చదువవచ్చును, ఆచారమును అనుసరింపవచ్చును. కాని బాధపడువాని నోట విననిదే ధర్మము అనుభవములోనికి రాదు.

కావున నీతికి విత్తనము ప్రకృతిలో నున్నదనుట నిజమే. ఆచారము దానికి ఎరువు కావచ్చును, చీడ కావచ్చును. దైవభక్తి దానిని తడుపు నీరు. కాని అది మొలకెత్తు చోటు మాత్రము, ఒకడు తన కష్టమును చెప్పుకొనగా మరియొకడు దానిని తన ఋణముగా స్వీకరించు చోటు. ఆ చోటు మూతపడినచో గుడులు నిండుగా ఉన్నను, గ్రంథములు బీరువాల నిండ ఉన్నను, వెట్టి వంటిది మరల మామూలైపోవును.

ఇట్టి చోటు ప్రతి యింటను, ప్రతి మఠమునందును ఉన్నదా యని విచారించుకొనవలయును. ఇంటిలో కోడలి మాట వినబడుచున్నదా? పొలములో కూలివాడు లెక్క తప్పినదని చెప్పగలుగుచున్నాడా? దేశమున ఎన్నో ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీ, తన పొలము మాత్రము ఎండిన కథను ఎవరికి చెప్పుకొనెను? దాసోహమున వండినవారును, ఊడ్చినవారును అదే పంక్తిలో కూర్చుండుచున్నారా? బిడ్డలకు నీతిపద్యములు నేర్పుట మంచిదే. దానికంటె ముందు, ఇతరుడు మాటలాడునప్పుడు చివరివరకు వినుటను నేర్పవలయును. వినుటయందు మొదలైన నీతియే చేతలయందు పండును.